పెట్రోలు పంపు తనంతట తానెట్లు ఆగును?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



మన గ్రంథాలయమున పత్రికలు చదువు బల్లకు ప్రక్కగా ఒక ప్రశ్నల పుస్తకము దారముతో కట్టి యుండుట మీ రందరు నెరుగుదురు. సందేహము కలిగినవారు అందు వ్రాయుదురు. తెలిసినవారు దాని క్రింద సమాధానము వ్రాయుదురు. ఉత్సవ సంఘమువారు ఆ పుస్తకమును నా చేతికిచ్చి, అందలి యొక ప్రశ్నను గూర్చి మాటలాడవలసినదని కోరిరి. వివాహములకు పాత అంబాసిడరు కారును బాడుగకు త్రిప్పు చందాదారు డొకరు వ్రాసిన ప్రశ్నను నే నెన్నుకొంటిని. ఆ ప్రశ్న యిది: "నా కారులో పెట్రోలు పోయుచుండగా ట్యాంకు సగమైన నిండకమునుపే పంపు టక్కుమని ఆగుచున్నది. మరల నొక్కిన మరల ఆగుచున్నది. క్రొత్త కార్లకు ఇట్లు జరుగుట లేదు. ఇందేమైన మోసమున్నదా?"

దాని క్రింద వేరొక చేతివ్రాతతో "ఉన్నది" అని ఒక్క మాట వ్రాసి యున్నది. వ్రాసినవారు సంతకము చేయలేదు. ఆ ఒక్క మాటకు మారుగా నేడు నేను కొంచెము దీర్ఘముగా సమాధానము చెప్పవలసి యున్నది. ఏలయనగా ఆ సమాధానమును నమ్మిన చందాదారుగారు అప్పటినుండి బంకులోని కుఱ్ఱవానిచేత పెట్రోలును సన్నని ధారగా, మెల్లమెల్లగా, మూతి అంచువరకు పోయించుకొనుచున్నారట. ఈ పద్ధతి ఎంత ప్రమాదకరమో, పంపు ఎట్లు ఆగునో తెలిసిననేగాని బోధపడదు.

మొదట ఒక చిన్న సంగతి. కొబ్బరిబోండములో గొట్టము పెట్టి నీరు పీల్చుట పిల్లలకు సయితము తెలిసినదే. ఆ గొట్టమునకు నీటిమట్టమునకు పైభాగమున ఒక బెజ్జము పడినదనుకొనుడు. ఎంత పీల్చినను నోటిలోనికి గాలియే వచ్చును. నీరు సరిగా రాదు. ఆ బెజ్జమును వ్రేలితో మూసినచో వెంటనే బుగ్గలు లోపలికి లాగినట్లగును, నీరు పైకి వచ్చును. పీల్చు నోరు ఒక్కటే, పీల్చు బలమును ఒక్కటే. బెజ్జము తెరచియుండుటకును మూసియుండుటకును మాత్రమే భేదము. పెట్రోలు పంపు ఆగుటలోని కీలకము ఇంతయే.

బంకులో కుఱ్ఱవాడు మన ట్యాంకులో దూర్చు ఇనుప ముక్కును నాజిలు అందురు. మనవైపు బంకు కుఱ్ఱవాండ్రు దానిని గన్ను అనియే పిలుతురు. తదుపరి మీరు పోయించుకొనునప్పుడు దాని కొనను పరిశీలింపుడు. పెట్రోలు వచ్చు పెద్ద రంధ్రముగాక, కొనకు సమీపమున ప్రక్కగానో లోపలి అంచుననో కందిగింజ పట్టునంత చిన్న బెజ్జ మొకటి కనబడును. చాలమంది దానిని చూచియే యుండరు. ఆ బెజ్జమునుండి సన్నని గొట్టమొకటి ముక్కు లోపలినుండియే పిడి దాకా పోవును. ఆ గొట్టముద్వారా పెట్రోలు రాదు, గాలి పీల్చబడును.

పీల్చున దెవరు? విద్యుత్తు లేదు, మోటారు లేదు. పారుచున్న పెట్రోలే పీల్చును. పిడి లోపల ఒకచోట పెట్రోలు పోవు త్రోవ ఇరుకుగా చేయబడి యుండును. విశాలమైన గోదావరి పాపికొండల నడుమ ఇరుకుదారిలో దూరునప్పుడు ఎంత వడి నందుకొనునో పడవలో పోయినవారు చూచియుందురు. ఇరుకున ప్రవాహమునకు వేగము హెచ్చును. వేగము హెచ్చినచోట ప్రవాహములోని ఒత్తిడి తగ్గునని స్విట్జర్లాండు దేశపు పండితుడు డేనియల్ బెర్నౌలీ 1738 లో ప్రకటించిన గ్రంథమున నిరూపించెను. తరువాత ఇటలీ దేశస్థుడైన వెంచురి అను శాస్త్రజ్ఞుడు ఇరుకైన గొట్టములలో ద్రవముల నడకను పరిశోధించి 1797 లో ప్రచురించెను. అందుచేతనే అట్టి ఇరుకు గొట్టమునకు నేటికిని వెంచురి అనియే పేరు. ఆ ఇరుకుచోట ఒత్తిడి తగ్గినందున, అచ్చట చేర్చిన సన్నని గొట్టమునుండి గాలి లోపలికి లాగబడును.

ఇది వినుటకు వింతగా తోచవచ్చునుగాని మన యిండ్లలో లేని సంగతి కాదు. వంటగదిలోని గ్యాసు పొయ్యి క్రింద బర్నరు గొట్టమునకు బెజ్జములుండుట స్త్రీలు చూచియేయుందురు. సన్నని జెట్టునుండి వేగముగా దూసుకొనివచ్చు గ్యాసు ఆ బెజ్జములనుండి గాలిని తనతో లాగికొనిపోవును. దోమలమందు చల్లు చేతిపంపులోను ఇదే పని జరుగును. అంతయేల, పాత అంబాసిడరులోని కార్బురేటరు కూడ వెంచురియే. అందు పారు గాలి పెట్రోలును పీల్చును. పంపులో పారు పెట్రోలు గాలిని పీల్చును. ఒకే సూత్రము కారు గొంతులోను పంపు ముక్కులోను ఎదురెదురుగా నిలిచి యున్నది.

ఇప్పుడు పంపు ఆగు క్షణమునకు వత్తము. పెట్రోలు పారుచున్నంతసేపు కొన బెజ్జముగుండ గాలి హాయిగా లోపలికి పోయి పెట్రోలులో కలిసి మరల ట్యాంకులోనికే వచ్చుచుండును. ట్యాంకు నిండి, మట్టము పైకి వచ్చి, పెట్రోలు ఆ బెజ్జమును కప్పినదనుకొనుడు. పెట్రోలు గాలికంటె సుమారు 600 రెట్లు బరువైనది. ఆ సన్నని గొట్టములో అది గాలివలె తేలికగా పరుగెత్తలేదు. అనగా బోండము గొట్టమునకు బెజ్జము మూసినట్లే. పీల్పు ఆగదు, పీల్చుటకు గాలి దొరకదు. లోపల ఒక చిన్న గదికి కప్పువలె రబ్బరు పొర యొకటి బిగించి యుండును. గాలి చాలక ఆ గదిలో ఒత్తిడి చప్పున పడిపోవును. బయటి గాలి త్రోయగా రబ్బరు పొర లోపలికి వంగును.

ఆ పొర నడుమ ఒక చిన్న కడ్డీ కలదు. కడ్డీకి చుట్టును మూడు ఉక్కు గోళీలో, చిన్న దొర్లుకఱ్ఱలవంటి ముక్కలో ఉండి ఒక గడియను పట్టుకొని యుండును. కుఱ్ఱవాడు నొక్కు మీటకు ఆ గడియయే ఆధారము. పొర వంగి కడ్డీని లాగినంతనే గోళీలు లోపలికి జరుగును, గడియ జారును, మీటకు ఆధారము పోవును. ఏతము కఱ్ఱకు ఇరుసు ఊడినచో దానిపై ఎంతమంది నడచిననేమి? అట్లే కుఱ్ఱవాడు మీటను గట్టిగా పట్టియే యున్నను దాని బలము వాల్వును చేరదు. బలమైన స్ప్రింగు వాల్వును టక్కున మూసివేయును. మీరు వినునది ఆ చప్పుడే. మీటను వదలినప్పుడు గోళీలు మరల తమ స్థానమునకు వచ్చును. అప్పుడు మరల పోయవచ్చును.

దీనినిబట్టి ఒక ముఖ్యవిషయము తేలుచున్నది. ట్యాంకు నిండినదో లేదో పంపునకు తెలియదు. ట్యాంకులో ఎన్ని లీటర్లున్నవో అది యెరుగదు. తన ముక్కు కొననున్న బెజ్జము తడిసి మూతపడినదా లేదా అన్న ఒక్క సంగతియే దానికి తెలియును. మూసినది నిండిన పెట్రోలే కానక్కరలేదు. నురుగైనను, ఎదురుచిమ్మిన తుంపరయైనను చాలును. మన చందాదారుగారి చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

పాత కార్లు నిర్మించిన కాలమున పెట్రోలు పోయు తీరు వేరు. అమెరికాలోని ఫోర్టువేను నగరమున సిల్వానస్ బౌసర్ అను నతడు 1885 లో కిరసనాయిలు కొలిచి పోయు పంపును తయారుచేసి ఒక దుకాణదారునికి అమ్మెను. తరువాత కార్లకు పెట్రోలు పోయు పంపులు ఆ వంశముననే పుట్టినవి. కొంతకాలము అచ్చట పంపు తలపై గాజు పాత్రను నిలిపి, దానిపై గీతలు గీసి, చేతితో పెట్రోలును అందులోనికెక్కించి, కొన్నవాడు కన్నులార చూచిన తరువాత క్రిందికి విడిచెడివారు. కొనువానికి అమ్మువానిపై అనుమానము నాడును ఉండెడిదన్నమాట! అట్లు నిదానముగా దిగు పెట్రోలునకు ట్యాంకు మెడ ఎంత ఇరుకైనను, ఎన్ని వంకరలు తిరిగినను నష్టము లేదు.

నేటి పంపు నిమిషమునకు 30 లీటర్లు, 40 లీటర్లు చొప్పున పోయగలదు. అమెరికాలో నిమిషమునకు 10 గ్యాలన్లు, అనగా సుమారు 38 లీటర్లు మించరాదని 1990ల దశకమున నిబంధన చేసిరి. మన మింకొక లెక్క మరచుచుందుము. నిమిషమునకు 38 లీటర్ల పెట్రోలు లోపలికి పోవలెనన్నచో అంతకు తక్కువ కాకుండ గాలియు ఆవిరియు బయటికి రావలెను. అవి వచ్చు దారి యేది? మూతి సన్ననిదైన కుండను చెఱువులో ముంచినప్పుడు బుడబుడమనుట వినియున్నారు గదా. నీరు పోవు దారినే గాలి రావలసియుండుటచేత రెంటికిని పెనుగులాట. క్రొత్త కార్లలో ట్యాంకు పైభాగమునుండి మూతి దగ్గరకు గాలికై వేరొక గొట్టము తగిన వెడల్పున అమర్చి, మెడను సాఫీగా దించుదురు. పాత కార్లలో ఆ గొట్టము కొన్నిటికి లేదు. కొన్నిటికి ఉన్నను సన్ననిది. ఏండ్ల తరబడి వాడుటచే దాని రబ్బరు నలిగియో, మడతపడియో, మట్టితో పూడియో యుండును.

ట్యాంకు మూతి పెట్టు చోటును గూర్చియు ఆ కాలపువారికి ఒక నియమము లేదు, అందమే ప్రధానము. 1956 నాటి షెవ్రొలే కారులో వెనుక ఎడమ దీపమును తలుపువలె తెరచిననేగాని పెట్రోలు మూత కనబడదు. మఱి కొన్ని అమెరికా కార్లలో నంబరుపలక వెనుక దాచిరి. అట్టివాటిలో మెడ ఇంచుమించు అడ్డముగా పోవును. ఫోక్సువేగను బీటిలు కారులో ట్యాంకు ముందుభాగమున నుండును. 1967 వరకు ముందు మూత పైకెత్తియే పెట్రోలు పోయవలసి వచ్చెడిది. అందు మెడ పొట్టి గనుక నాజిలు నేరుగా ట్యాంకులోనికే దిగి, ధార మట్టమును కొట్టి నురుగు లేపును. వంకర మెడలో ధార గోడకు కొట్టుకొని వెనుకకు చిమ్మును. ఏ తీరుననైనను తుంపర బెజ్జమును తాకును, పంపు టక్కుమనును. డీజిలు పెట్రోలుకంటె ఎక్కువ నురుగు కట్టును గనుక పాత ట్రాక్టరులు గలవారికిని ఈ అనుభవము కొత్తది కాదు.

కావున మిత్రులారా, పంపు ముందుగా ఆగుట మోసము కాదు. మీటరు పంపు పెట్టెలోపల ఉన్నది. నాజిలు గొట్టము చివర ఉన్నది. మీటరు దాటిన పెట్రోలునే మీటరు లెక్కించును. గొట్టము మీకు పోయకముందును నిండియే యుండును, పోసిన తరువాతను నిండియే యుండును. నడుమ పదిసార్లు ఆగినను మీ లీటరు ఎచ్చటికిని పోదు. నిజమైన మోసము చేయువాడు నాజిలును ముట్టడు, మీటరునే ముట్టును. 2017 లో ఉత్తరప్రదేశమునను, 2020 లో తెలుగునాటను పోలీసులు బయటపెట్టిన మోసములలో పంపు పెట్టె లోపల రహస్యముగా చిప్పులు అమర్చి కొలతను తగ్గించిరి. అనుమానమున్నవా డేమి చేయవలెను? ప్రతి బంకులోను తూనికలు కొలతల శాఖవారి ముద్రగల 5 లీటర్ల కొలపాత్ర యుండవలెను. దానిలో పోసి చూపుమని అడుగు హక్కు కొనువానికి కలదు. 5 లీటర్లకు 25 మిల్లీలీటర్లవరకు హెచ్చుతగ్గులు అనుమతింపబడును. కుఱ్ఱవానితో పోట్లాడుటకంటె ఈ పాత్ర నడుగుట మేలు. ఏ మందును? వందమందిలో ఒక్కడును అడుగడు, వందమందియు అనుమానింతురు.

ఇక ప్రమాదము మాట. ఇందాక చెప్పిన పీల్పు ప్రవాహ వేగమువలన పుట్టినదే గదా. ప్రవాహము బాగుగ తగ్గినచో పీల్పును తగ్గును. సన్నని ధారగా పోయునప్పుడు రబ్బరు పొరను వంచునంత బలము పుట్టదు. అనగా మెల్లగా పోయునప్పుడు బెజ్జము పెట్రోలులో మునిగినను పంపు ఆగకపోవచ్చును! మన చందాదారుగారు జాగ్రత్త అనుకొని చేయుచున్న పని సరిగా ఆ కాపలాదారును నిద్రపుచ్చుటయే. పంపు ఆగలేదు గనుక ఇంకను పట్టుననుకొనుట, అంతలో మూతి పొర్లి కారు ప్రక్కగా నేలమీదికి కారుట — ఇది పాత కార్ల దగ్గరనే తరచు చూతుము.

కారిన పెట్రోలు చెడ్డ చుట్టము. సున్నకు క్రింద సుమారు 40 డిగ్రీల చలిలోను అంటుకొనునంత ఆవిరిని అది విడుచును. మన యెండలలో చెప్పవలసిన పనిలేదు. ఆ ఆవిరి గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువు. పొగవలె పైకి పోదు. నీటివలె నేలబారున ప్రాకి పల్లమున నిలుచును. దూరమున బీడి ముట్టించినవానికి తన కాళ్ళ చుట్టు ఏమున్నదో కనబడదు. కారు క్రింద పొగగొట్టము కాలుచుండును. ఈ కారణముననే, టక్కుమన్న తరువాత చిల్లర బాధ లేకుండుటకై రూపాయలను నిండు సంఖ్యకు తెచ్చుటకు మరల మరల నొక్కు అలవాటు నాకెంతమాత్రము నచ్చదు.

మూతివరకు నింపరాదనుటకు ఇంకొక హేతువున్నది. బంకు ట్యాంకు భూమి లోపల చల్లగా నుండును. అందలి పెట్రోలు మన కారులోనికి వచ్చి యెండలో వేడెక్కును. లీటరు పెట్రోలు ఒక డిగ్రీ వేడికి ఇంచుమించు ఒక మిల్లీలీటరు పెరుగును. 40 లీటర్లు 15 డిగ్రీలు వేడెక్కినచో సుమారు 600 మిల్లీలీటర్లు పెరుగును. అర లీటరుకంటె ఎక్కువే. దానికి లోపల చోటు లేనిచో మూత సందునుండి బయటికి రాక తప్పదు. పెండ్లి పందిరి ముందు ఎండలో నిలిపిన కారు క్రింద ఈ మడుగు ఎట్లుండునో ఊహింపుడు. క్రొత్త కార్లలో ఆవిరిని పట్టుటకు బొగ్గు నింపిన డబ్బా యుండును. మితిమీరి నింపినచో పెట్రోలు అందులోనికే పోయి ఆ బొగ్గును పాడుచేయును. ఆ ఖర్చు వేరు.

మరి పాత కారువా రేమి చేయవలెను? నాజిలును మెడలో కడవరకు త్రోయక కొంచెము వెనుకకు తీసి పట్టించవలెను. గాలి వచ్చుటకు సందు దొరకును. పూర్తిగా బయటికి మాత్రము తీయరాదు. దాని ఇనుము మెడ ఇనుమును తాకుచుండవలెను. పారు పెట్రోలులో పుట్టు విద్యుదావేశము నిప్పురవ్వగా మారక అట్లు జారిపోవును. అప్పటికిని ఆగుచున్నచో నాజిలును పావువంతు ప్రక్కకు త్రిప్పి చూడవలెను. బెజ్జము తుంపర పడని ప్రక్కకు పోవచ్చును. తలక్రిందులుగా త్రిప్పుట అన్ని నాజిళ్ళకును పనికిరాదు. కొన్నిటిలో ముక్కు పైకి లేచినంతనే ఆపివేయు చిన్న గుండొకటి యుండును. ధారను సగమునకు తగ్గింపవచ్చును. బొట్లుబొట్లుగా మాత్రము వలదు. డబ్బాలో డీజిలు పట్టించుకొను రైతులు డబ్బాను ట్రాలీమీదనో మోటారుసైకిలుమీదనో ఉంచక నేలమీద దింపి పట్టించుకొనవలెను. ఇదియు ఆ విద్యుదావేశమునకు భయపడియే.

అబద్ధపు టక్కును నిజమైన టక్కును వేరుచేయుట కష్టము కాదు. ఆగిన తరువాత పది అంకెలు లెక్కించునంతసేపు ఆగుడు. నురుగు అణగును. తరువాత నొక్కినప్పుడు రెండు మూడు లీటర్లు సాఫీగా పోయినచో మొదటిది తుంపర పని. నొక్కినంతనే మరల టక్కుమని, మెడలో పెట్రోలు మిలమిలలాడుచున్నచో అది నిజము. మూత పెట్టించుకొని రావలెను. ఒక్క మీ కారే ఏ బంకులోనైనను ఇట్లు చేయుచున్నచో దోషము కారుదే. గాలి గొట్టమును విప్పి ఊది చూడుమని మెకానికుతో చెప్పుడు. చాలసార్లు అచ్చటనే రోగము కుదురును. ఒకే నాజిలువద్ద వచ్చిన బండ్లన్నిటికిని ఇట్లగుచున్నచో దోషము నాజిలుది. బంకు యజమానికి తెలుపవలెను. నిండినను ఆగని నాజిలును చూచినచో మాత్రము తెలుపుటతో సరిపెట్టుకొనక వేరొక నాజిలువద్దకు పొండు.

పనికిరాదని తీసివేసిన పాత నాజిలు నొకదానిని కోయించి, శుభ్రపరచి తెచ్చితిని. రబ్బరు పొర, కడ్డీ, మూడు గోళీలు విడివిడిగా ఈ బల్లమీద నున్నవి. ప్రక్కన ఒక గ్లాసులో నీరును, బెజ్జము పొడిచిన గొట్టమును ఉన్నవి. పిల్లలు ముందుగా వచ్చి పీల్చి చూడవలెను. పెద్దలు వారి వెనుక రావచ్చును. ప్రశ్నల పుస్తకములో "ఉన్నది" అని వ్రాసినవారు ఈ సభలో నున్నచో వారికిని ఒక గొట్టము విడిగా ఉంచితిని.